నల్లగా పడిన రెండు లైన్లు

"సంతకం పెట్టేస్తాను మేడం," అంది నాగవేణి. "పొరపాటున జరిగిందని రాసిస్తే బెయిలు వస్తుందట. సుధీంద్ర సార్ చెప్పారు."

మందాకిని కారంత్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. స్టేషన్‌లో ఆ గదికి కిటికీ లేదు. బల్ల మీద విప్పని రవ్వ ఇడ్లీ పొట్లం, దాని పక్కన టైపు చేసి ఉంచిన వాంగ్మూలం, ఆ కాగితం మీద ఒక పెన్ను ఉన్నాయి. పెన్ను మూత అప్పటికే తీసి ఉంది. ఎవరో బాగా తొందరలో ఉన్నారన్నమాట.

"పొరపాటు చేశావా?"

"లేదు."

"మరి చేయని పొరపాటుకు సంతకం దేనికమ్మా?"

"చేసినట్టు నా పేరే ఉంది కదా మేడం, కంప్యూటర్లో. నేను కాదంటే ఎవరు నమ్ముతారు? మా అమ్మే నమ్మలేదు."

నాగవేణి ఇరవై ఆరేళ్ళ మనిషి, నాలుగేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తోంది. నెలమంగల దాటాక ఉన్న శీతల గిడ్డంగిని నడిపే ప్రోగ్రాము ఆమె కంపెనీదే. సోమవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆ గిడ్డంగి మెషిన్ రూము తలుపుకు దానంతటదే తాళం పడింది. ఒక్క నిమిషం తర్వాత నాలుగో నంబరు వాల్వు తెరుచుకుని గదంతా అమ్మోనియా నిండింది. మోగాల్సిన అలారం మోగలేదు. ఆపరేటర్ రాచప్ప తలుపు మీద చేతులు పెట్టి అలాగే చనిపోయాడు. ఆ రెండు ఆజ్ఞలూ కంపెనీ ఆఫీసు నుంచే వచ్చాయి. రెండింటి పక్కనా ఉన్న పేరు నాగవేణిది. సంతకం పెడితే అజాగ్రత్త కేసు, పెట్టకపోతే హత్య కేసు. ఏదైనా సరే ఐదింటికి మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాల్సిందే.

ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున యంత్రాల ప్రమాదాలను తవ్వి తీయడం మందాకిని పని. అంతకుముందు పదహారేళ్ళు ఆమె కూడా ప్రోగ్రాములు రాసింది. యంత్రం అబద్ధం చెప్పదు అనేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది, యంత్రాలచేత ఎన్ని అబద్ధాలు చెప్పించవచ్చో తెలుసు గనక. ఈ కేసులో ఆ మంటకు ఇంకో కారణం కూడా ఉంది. అలారం బాగుచేశామని నాగవేణి కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్ళకు రాసిచ్చింది. కాదని చెప్పడానికి రాచప్ప ఆమెకు ఫోన్ చేశాడు. మంగళవారం రండమ్మా, మీ కళ్ళకే చూపిస్తాను అన్నాడు. మంగళవారం ఆమె వెళ్ళింది, అతని దహనానికి.

"సోమవారం నాలుగింటికి ఎక్కడున్నావు?"

"నా సీట్లోనే. లాగిన్ అయ్యే ఉన్నాను."

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"తెలిసినా లాభం లేదు మేడం. వేలిముద్ర కూడా పడాలి. నా పేరుతో నేను తప్ప ఇంకెవరూ లోపలికి రాలేరు. పోలీసులు పట్టుకున్నది కూడా దాన్నే."

మందాకిని పోలీసులెవరూ అడగని ప్రశ్న అడిగింది. "మీ ప్రోగ్రాములో నీకు బొత్తిగా నచ్చనిది ఏది?"

అంతసేపూ నేల చూపులు చూస్తున్న పిల్ల తల ఎత్తింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళను వాళ్ళ జీతం గురించి అడిగినా, ప్రేమ గురించి అడిగినా నసుగుతారు గాని, ఈ ప్రశ్న అడిగితే మాత్రం ఆగరు.

"కారణం గడి," అంది వెంటనే. "ఏ ఆజ్ఞ ఇచ్చినా ఎందుకిస్తున్నామో అందులో ఒక ముక్క రాయాలి. రాయకపోతే ఆజ్ఞ కదలదు. అందుకని అందరం 'టెస్ట్' అని కొట్టేస్తాం. లేదంటే ఒక చుక్క పెడతాం. అందులో వెనక్కి వాలిన గీత ఒకటి కొట్టి, పక్కనే n అని కొట్టామనుకోండి..." కాగితం లేక వేలితో బల్ల మీదే రాసింది: \n. "మామూలుగా అయితే అది గీతగా, n గా అలాగే ఉండిపోవాలి. ఉండాలంటే ప్రోగ్రాము ఆ గీతను రెండు గీతలు చేసి కాపాడాలి. మా దాంట్లో ఎవరూ ఆ పని చేయలేదు. దాంతో రాత కాస్తా ఆజ్ఞ అయిపోతుంది. 'కింది లైనుకు పో' అని."

"అంటే ఒకరు రాసిన ముక్క రెండు లైన్లుగా పడుతుంది."

"అవును. రెండో లైనులో ఏం రాసుకున్నా, ఎవరి పేరు పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. పోయిన నెల మీటింగులో చెప్పాను. దాన్ని సరిచేశారు."

"దాన్ని ఒక్కదాన్నేనా?"

నాగవేణి ముఖం చిన్నబోయింది. "ఆ గీత పక్కన r కొడితే జరిగేదీ చెప్పాను. టైప్‌రైటర్ల కాలం నాటి గుర్తు, ఇప్పుడెవరు వాడతారని అందరూ నవ్వారు."

"ఎవరెవరు?"

"పదకొండు మందిమి ఉన్నాం మేడం."

తలుపు టకాలున తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ బసవరాజ్ పట్టణశెట్టి గడప మీదే నిలబడి వాచీ చూసుకున్నాడు. బిజాపూరు వైపు మనిషి. మాటలో 'రీ' అనే కన్నడ మర్యాద ఎంత ఉంటుందో అంత కారమూ ఉంటుంది.

"ఏమ్రీ మేడం, మీ ట్యూషన్ ఇంకా అవలేదా? ఆ దొంగదారి ఈ అమ్మాయికి తెలుసని మీ ముందే ఒప్పుకుందిగా. ఇంకేం కావాలి?"

"దొంగదారి తెలిసినవాళ్ళు తమ పేరే పడేలా చేసుకుంటారా సార్?"

"దొంగలందరికీ మీ అంత తెలివి ఉంటే మాకు కూడు పుట్టదు."

"మీకు కూడు పెట్టడానికి ఈ పిల్ల జైలుకు పోవాలా?"

పట్టణశెట్టి మీసం కింద ఏదో కదిలింది, కోపమో నవ్వో తెలియలేదు. "ఐదింటికి కోర్టు. నాకు పనుంది."

"ఇంకా మూడున్నరే. మెషిన్ రూము ఒకసారి తెరిచి చూపించండి. అక్కడ మీ సీలుంది, మీరు లేకుండా నేను వెళ్ళలేను. ఏమీ దొరక్కపోతే ఈ కాగితం మీద సంతకం నేనే దగ్గరుండి పెట్టిస్తాను."

బేరం అతనికి నచ్చింది. మందాకిని నాగవేణి వైపు తిరిగి, పెన్నుకు మూత పెట్టి దూరంగా జరిపింది. "నేను ఫోన్ చేసేదాకా దీన్ని ముట్టుకోకు. విన్నావా?"

పిల్ల తల ఊపింది గాని, ఆ ఊపులో నమ్మకం లేదు.

మెట్ల దగ్గర సుధీంద్ర ఎదురయ్యాడు. నాగవేణి పనిచేసే విభాగానికి పెద్ద, అలారం బాగుచేశామన్నది కూడా ఆ విభాగమే. మెత్తటి మనిషి, అంతకన్నా మెత్తటి గొంతు. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మేడం ఆ పిల్ల. ఇడ్లీ పంపితే ముట్టుకోలేదు. నాకు చెల్లెలి లాంటిది. లాయరు ఖర్చు కూడా నేనే పెట్టుకుంటున్నాను."

"సోమవారం నాటి అసలు ఫైలు అడిగాను సార్."

"అదే నా బాధ. మంగళవారం సర్వర్ మార్చాం, పాతవన్నీ పోయాయి. స్క్రీన్ ఫోటో మాత్రం పోలీసులకిచ్చాం. మీకు పొద్దున మీ పేరు మీదే ఒక లాగిన్ ఇచ్చాను కదా, ఏం కావాలన్నా లోపలికి వెళ్ళి చూసుకోండి. దాచడానికి మా దగ్గరేముంది? ఎక్కడికి, గిడ్డంగికేనా? మెషిన్ రూములో జాగ్రత్త మేడం, వాసన ఇంకా పోలేదు."

గిడ్డంగి చేరేసరికి నాలుగైంది. మెషిన్ రూములో నిజంగానే ముక్కు మండుతోంది. వాళ్ళు లోపలికి రాగానే తలుపు మెల్లగా మూసుకుంది. మందాకిని ముందు గోడ వెంట నడిచింది. నాలుగో వాల్వు గొట్టం గోడలోంచి బయటికి పోతోంది. చేత్తో తిప్పి తెరవడానికి, మూయడానికి ఉండే చక్రం గోడకు అవతల ఉంది. లోపల చిక్కుకున్నవాడికి అది అందదు. ఆమె ఆ మాటే పైకి అంటే పట్టణశెట్టి "పాపం" అన్నాడు, నిజంగానే.

మూలలో ఒక పాత ప్రింటరు ఉంది. సూదులు రిబ్బన్ మీద పొడుస్తూ చుక్క చుక్కగా అచ్చువేసే రకం. ఏ ఆజ్ఞ వచ్చినా అదే క్షణాన అది కాగితం మీదికి ఎక్కాలని ఇన్సూరెన్స్ వాళ్ళ నిబంధన. కాగితం ఆగకుండా మడతలు మడతలుగా వెనక బుట్టలో పడుతూ ఉంటుంది.

"అది మేం చూశాం రీ," అన్నాడు పట్టణశెట్టి. "స్క్రీన్ మీద ఏముందో అందులోనూ అదే ఉంది."

"చదివారా?"

"ఆ రెండు లైన్లూ చదివాను. ఇంగ్లీషులో నాగవేణి అని స్పష్టంగా ఉంది."

మందాకిని బుట్టలోంచి మడతలు ఎత్తి బల్ల మీద పరిచింది. రిబ్బన్ అరిగిపోయింది. లైన్లన్నీ బూడిద రంగులో, కళ్ళు చికిలిస్తే గాని కనపడకుండా ఉన్నాయి. సోమవారం పేజీలో రెండు లైన్లు మాత్రం కాటుకలా నల్లగా ఉన్నాయి.

"ఈ రెండూ ఇంత నల్లగా ఎందుకున్నాయి సార్?"

"పాత రిబ్బన్. ఎక్కడో సిరా ఎక్కువ అంటుకుని ఉంటుంది."

"అంటుకుంటే తలుపు లైనుకు, వాల్వు లైనుకు మాత్రమే అంటుకుందా? రాచప్పను చంపిన ఆ రెండింటికే?"

పట్టణశెట్టి కాగితం మీదికి వంగాడు. ఆమె సంచిలోంచి భూతద్దం తీసి ఇచ్చింది. అతను చాలాసేపు చూశాడు.

"అక్షరాల కింద ఇంకేవో అక్షరాలున్నాయి," అన్నాడు చివరికి. గొంతులో కారం తగ్గింది.

"మీరు టైపు నేర్చుకున్నారా సార్ ఎప్పుడైనా?"

"జూనియర్ గ్రేడు పాసయ్యాను. మా ఊరి ఇన్‌స్టిట్యూట్‌లో."

"అయితే మీకు చెప్పడం తేలిక. లైను చివర గంట మోగగానే చెయ్యి చాచి మీట తోసేవాళ్ళు కదా. అప్పుడు ఏం జరిగేది?"

"బండి మొదటికొచ్చేది. కాగితం పైకి జరిగేది."

"రెండు పనులు. కంప్యూటరుకు ఆ రెండింటికీ రెండు వేరు గుర్తులున్నాయి. కాగితాన్ని జరిపేది n. బండిని మొదటికి తెచ్చేది r. కాగితం జరపకుండా బండి ఒక్కటే మొదటికి వస్తే?"

"కొట్టినదాని మీదే మళ్ళీ కొడతాం." అతను మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. "అలా కొట్టినందుకు మా మాస్టారు స్కేలుతో వేళ్ళు వాయించేవాడు."

"స్క్రీన్ మీద అయితే రెండోసారి కొట్టింది మొదటిదాన్ని తుడిచేస్తుంది. చూసేవాళ్ళకు పైదే కనిపిస్తుంది. కాగితానికి తుడిచేయడం రాదు. ఆగండి, చూపిస్తాను."

ఆమె ఫోన్ తీసి తన లాగిన్‌తో లోపలికి వెళ్ళింది. మెషిన్ రూము దీపం ఆర్పమని ఆజ్ఞ. కారణం గడిలో 'టెస్ట్' అని కొట్టి, \r పెట్టి, ఆ పక్కన ఒక పూర్తి దొంగ లైను రాసింది. నొక్కింది.

దీపం ఆరింది. ప్రింటరు ఒక లైను గీకింది. సూదుల తల ఎడమకు వచ్చింది గాని కాగితం జరగలేదు. అదే లైను మీద మళ్ళీ గీకింది. మందాకిని దీపం వెలిగించింది. గోడ మీది స్క్రీన్‌లో పట్టణశెట్టి దీపం ఆర్పినట్టు ఉంది.

"ఏయ్! నేను ముట్టుకోనే లేదు!"

"నాగవేణి కూడా ముట్టుకోలేదు సార్."

అతను స్క్రీన్ వంక, కాటుకలా మెరుస్తున్న కొత్త లైను వంక మార్చి మార్చి చూశాడు. "సరే రీ. ఒప్పుకున్నా. కానీ చేసినవాడు తన సొంత పేరుతోనే ఎందుకు వచ్చాడు?"

"ఇంకొకరి పేరుతో రావడానికి వేలిముద్ర కావాలి. తన పేరుతో వచ్చి, దాని మీద ఈ పిల్ల పేరు కప్పాడు. స్క్రీన్ తప్ప ఇంకేదీ ఎవరూ చూడరని ధైర్యం."

"కిందున్న పేరేది?"

మందాకిని మళ్ళీ భూతద్దం పట్టింది. రెండు పేర్ల చుక్కలూ కలిసిపోయాయి. ఒకచోట s లాంటి వంపు, ఇంకోచోట నిలువు గీత. ప్రమాణం చేసి చెప్పేంతగా ఏదీ లేదు. "ల్యాబుకు పంపితే విడదీస్తారు. రెండు రోజులు పడుతుంది."

"మెజిస్ట్రేటు రెండు రోజులు ఆగడు మేడం. మీటింగులో నవ్విన పది మంది మీద మీకు అనుమానం. కాగితం మీద స్పష్టంగా ఉన్న పేరు ఒక్కటే, ఆ అమ్మాయిది. కథ ఎంత బాగున్నా నాకు పేరు కావాలి. నాలుగున్నర దాటింది. పదండి."

అతను చెప్పింది అన్యాయం కాదు. అదే ఆమెను ఎక్కువ మండించింది. స్టేషన్‌లో ఆ పిల్ల ఈపాటికి పెన్ను దగ్గరికి లాక్కుని ఉంటుంది. మందాకిని కాగితాన్ని మళ్ళీ సరిగ్గా ఎక్కించడానికి ప్రింటరు పక్కనున్న గుండ్రటి పిడి మీద చెయ్యి వేసింది.

అప్పుడు ప్రింటరు కదిలింది.

ఇద్దరిలో ఎవరూ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. సూదుల తల నిదానంగా కుడికి పాకుతూ బూడిద రంగు అక్షరాలు పొడుస్తోంది. టైము. ఒక పేరు. మెషిన్ రూము తలుపు, తాళం. కారణం, టెస్ట్. అక్కడ ఆగి, తల ఎడమకు తిరిగి వచ్చింది. కాగితం జరగలేదు.

జరగదని ఆమెకు తెలుసు. చెయ్యి పిడి మీదే ఉంది. ఒక్క లైను పైకి తిప్పింది.

రెండో పేరు కింది లైనులో విడిగా, శుభ్రంగా పడింది. మందాకిని. ఆమె పేరే. దాని పైన, దేనికిందా దాగకుండా, మొదటి పేరు ఉంది. సుధీంద్ర.

వెనక తలుపు టక్కుమంది. గోడ మీది స్క్రీన్‌లో మాత్రం ఆ తలుపుకు తాళం వేసింది మందాకిని అని, ఒకే ఒక్క లైను ఉంది. పొద్దున లాగిన్ ఎందుకిచ్చాడో ఇప్పుడు అర్థమైంది. ఇందాకటి దీపం ఆట తన ఆఫీసు స్క్రీన్ మీద చూసే ఉంటాడు. ఇన్సూరెన్స్ డిటెక్టివ్ ఏదో పరీక్ష చేయబోయి, తనతోపాటు ఇన్‌స్పెక్టర్ని కూడా చంపుకుందని రేపు అందరూ అనుకుంటారు.

పట్టణశెట్టి తలుపును భుజంతో గుద్దాడు. కదలలేదు.

"తలుపు వదిలేయండి!" అరిచింది మందాకిని. "తర్వాతిది వాల్వు. తలుపు పక్కనున్న కంట్రోల్ పెట్టెలోకి వచ్చే నీలం వైరు పీకండి. ఆజ్ఞలు బయటి నుంచి వచ్చేది దాంట్లోనే!"

అతను వైరు పట్టుకుని లాగాడు. క్లిప్పు బిగుసుకుంది. రెండోసారి లాగితే వైరుతో పాటు పెట్టె మూత కూడా ఊడి వచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నాలుగో వాల్వు వంక చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం పోయింది. వాల్వు కదలలేదు. ప్రింటరు కదలలేదు.

రాచప్పకూ ఈ నిమిషం దొరికింది. ఆ నీలం వైరు అతనికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. దాన్ని పీకితే బతుకుతావని అతనికి ఎవరూ చెప్పలేదు. మందాకినికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అమ్మోనియా వల్ల మాత్రం కాదు.

పట్టణశెట్టి ఫోన్‌లో గర్జిస్తున్నాడు. "ఆ అమ్మాయి సంతకం పెట్టిందా?... పెన్ను పట్టుకుందా? లాక్కో! లాక్కోమంటుంటే! ఆ కాగితం చింపెయ్. వేడిగా కాఫీ ఇప్పించు. ఆ ఇడ్లీ పొట్లం మాత్రం ముట్టుకోనివ్వకు, సీలు చెయ్యి. ఇంకో నలుగుర్ని గిడ్డంగికి పంపు, వెంటనే!"

మందాకిని ఆ రెండు లైన్లున్న పేజీని, సోమవారం పేజీని జాగ్రత్తగా చింపి అతని చేతికిచ్చింది. అతను మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. "క్షమించండి మేడం," అన్నాడు ముక్తసరిగా.

ఆమె ఫోన్ మోగింది. సుధీంద్ర. స్పీకర్ పెట్టింది.

"మేడం, గిడ్డంగి లైను తెగినట్టుంది. లోపల అంతా క్షేమమేనా?"

"క్షేమమే సార్. కాగితం ఒక్క లైను ముందుకు జరిపాను, అంతే."

కారణం గడి గురించి తెలిసినవాడికి అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు. అయినా అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "కంగారు పడకండి. ఆ తలుపు చేత్తో తీసే తాళంచెవి నా దగ్గర ఉంది. నేను ఆఫీసులో లేను మేడం, మీ గేటు దగ్గరే కార్లో ఉన్నాను. వస్తున్నాను."

ఫోన్ ఆగిపోయింది. పట్టణశెట్టి పిస్తోలు తీసి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "రానివ్వండి," అన్నాడు. "నేనూ దానికోసమే చూస్తున్నా."

బయట కంకర మీద అడుగుల చప్పుడు దగ్గరైంది. తలుపు దాకా వచ్చింది. ఆగలేదు. తలుపు దాటి, గోడ వెంట పక్కకు నడిచింది.

పట్టణశెట్టి పిస్తోలు దించి మందాకిని ముఖంలోకి చూశాడు.

"మేడం," అన్నాడు, "ఆ చక్రం గోడకు అవతల ఉందని కదూ మీరు అన్నారు?"